వార్తల్లో పదం: సర్జ్ ఇరిగేషన్

పొలం చాళ్లలోకి నీటిని ఏకధాటిగా వదలకుండా విడతలవారీగా పారించే పద్ధతే సర్జ్ ఇరిగేషన్. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గ్లెన్ స్ట్రింగమ్, జాక్ కెల్లర్ 1979లో దీన్ని వెలుగులోకి తెచ్చారు.

నీటిని ఆపకుండా వదిలితే చాళ్ల మొదట్లోనే ఎక్కువగా ఇంకిపోతుంది. చివరి మొక్కలకు ఆలస్యంగా అందుతుంది. సర్జ్ విధానంలో పైపుకు అమర్చిన వాల్వును కంట్రోలర్ దానంతటదే తిప్పుతూ, కాసేపు ఎడమ చాళ్లకు, కాసేపు కుడి చాళ్లకు నీళ్లు మళ్లిస్తుంది. ఆ విరామంలో తడిసిన మట్టి సర్దుకుని పైపొర బిగుస్తుంది. దాంతో తర్వాతి విడత నీరు తడి నేల మీదుగా చకచకా చివరికి చేరుతుంది. వేళ్లను దాటి లోతుకు దిగిపోయే నీరు, దాంతోపాటు పోయే నత్రజని తగ్గుతాయి.

నీరు చివరికి చేరాక మాత్రం విడతల నిడివి తగ్గించాలి. లేదంటే పొలం దాటి వృథాగా పోతుంది. నీరు త్వరగా ఇంకే నేలల్లోనే దీని మేలు బాగా కనిపిస్తుంది.