ఉప్పుటేటి రెండు కొసలు

కార్తిక మాసపు ఆదివారములందు తాడేపల్లిగూడెము, భీమవరము ప్రాంతములనుండి వనభోజనములకై పేరుపాలెము సముద్రతీరమునకు తరలిపోవు జనసమూహమును చూచినవారికి, అచ్చటి విహారయాత్ర ఏ ప్రచారమువలనను పుట్టక ప్రజల యాచారమునుండి తనంతట పెరిగినదని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ జనము సాయంకాలము మరలిపోయిన పిమ్మట ఇసుకపై మిగులు విస్తళ్లు, సీసాలు, ప్లాస్టిక్ సంచులు ఎవరి పాలు? మొగల్తూరు మండలములోని ఆ తీరగ్రామ పంచాయతి పాలు.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణముతో చేరిన పదునొకండవ షెడ్యూలు పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిలో పర్యాటకము లేదు. కాని త్రాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యము, సంతలు, జాతరలు కలవు. ఇవి లేని పర్యాటకము ఎక్కడ నిలుచును? పేరు మాత్రమే లేదు, భారమంతయు ఉన్నది.

ఉప్పుటేటికి మొదలైన కొల్లేటి సరస్సు విషయము మరింత చిక్కైనది. 1999లో అభయారణ్యమై, 2002లో చిత్తడినేలగా రాంసార్ గుర్తింపు పొంది, 2006లో చేపల చెరువుల గట్లు కూల్చబడిన ఆ సరస్సున, కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులను చూపునది అటవీశాఖయే. అయినను ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చు వేలాది భక్తులకు దీపము, నీరు, మరుగుదొడ్డి సమకూర్పవలసినది స్థానిక యంత్రాంగము. అంతకంటె ముఖ్యమొకటి కలదు. బుడమేరు, తమ్మిలేరులతోపాటు పరిసరపట్టణముల మురుగు కూడ సరస్సును చేరుచున్నది. 1866లో పురపాలకసంఘమై, 2005లో నగరపాలకసంస్థయైన ఏలూరు తన మురుగును శుద్ధిచేసి విడుచుటకంటె కొల్లేటి పర్యాటకమునకు చేయగల గొప్ప సేవ మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము. ఏలయన, ఆ నీరే ఉప్పుటేరుగా సుమారు 60 కిలోమీటర్లు సాగి, బంగాళాఖాతమున కలియుచున్నది. సరస్సునకు చేసిన అపచారము కడలిని చేరక మానదు.

విడిదిగృహములను రాష్ట్రప్రభుత్వము కట్టవచ్చును, ఉత్సవములను జరుపవచ్చును. ప్రతిదినము చీపురు పట్టువానికి జీతమిచ్చునది మాత్రము పంచాయతియే. కావున సందర్శకులనుండి వసూలగు ప్రతి రుసుములోను ఆయా గ్రామమునకు నిర్ణీతభాగము చట్టముచేతనే ఏర్పరుపవలెనని ప్రభుత్వమును, అది పారిశుద్ధ్యమునకే వ్యయమగుచున్నదో లేదో గ్రామసభలో నిలదీసి అడుగవలెనని తీరవాసులను వేడుకొనుచున్నాను.