స్ప్రింగు నుంచి రేడియో దాకా ఒకే సమీకరణం

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చదివే ‘డోలనాలు’ అధ్యాయానికీ, రెండో సంవత్సరంలో వచ్చే ‘ఏకాంతర విద్యుత్ ప్రవాహం’ అధ్యాయానికీ మధ్య దాదాపు ఏడాది ఎడం ఉండటం వల్ల, ఆ రెండింటినీ నడిపించేది ఒకే గణితమన్న సంగతి చాలామంది విద్యార్థుల దృష్టికి రాకుండానే పరీక్షలు ముగిసిపోతాయి. భౌతికశాస్త్రాన్ని అధ్యాయాలవారీగా సూత్రాల పట్టికలుగా మార్చి బట్టీ పట్టించే పద్ధతి వల్ల జరిగే పెద్ద నష్టం ఇదే.

స్ప్రింగుకు వేలాడుతున్న బరువును కొద్దిగా కిందికి లాగి వదిలితే, అది జరిగిన దూరానికి అనులోమానుపాతంలో ఒక బలం దానిని వెనక్కి లాగుతుంది. దీనిని పునఃస్థాపక బలం అంటారు. మధ్యస్థానానికి చేరిన బరువు అక్కడ ఆగక, జడత్వం కారణంగా అవతలి వైపుకు సాగిపోవడంతో సరళ హరాత్మక చలనం ఏర్పడుతుంది. ద్రవ్యరాశిని స్ప్రింగు బల స్థిరాంకంతో భాగించి, వర్గమూలం తీసి, రెండు పై చేత గుణిస్తే ఒక డోలనానికి పట్టే కాలం వస్తుంది. అర కిలో ద్రవ్యరాశి, మీటరుకు 200 న్యూటన్ల స్థిరాంకం ఉంటే ఆ కాలం సుమారు 0.31 సెకన్లు.

ఇప్పుడు ఆవేశం నింపిన కెపాసిటర్‌ను ఒక తీగచుట్టకు కలిపితే, ఆవేశం చుట్ట గుండా ప్రవహించి కెపాసిటర్ ఖాళీ అవుతుంది. అయితే ప్రవాహంలో వచ్చే ప్రతి మార్పునూ చుట్ట వ్యతిరేకిస్తుంది కాబట్టి ప్రవాహం అక్కడితో ఆగిపోక, కెపాసిటర్ పలకలపై ఆవేశం తారుమారయ్యే వరకు కొనసాగి మళ్లీ వెనుదిరుగుతుంది. ఇక్కడ స్థానభ్రంశం చోట ఆవేశం, వేగం చోట విద్యుత్ ప్రవాహం, ద్రవ్యరాశి చోట చుట్ట స్వయం ప్రేరకత్వం, ఘర్షణ చోట నిరోధం వచ్చి చేరతాయి. స్ప్రింగు బిరుసుకు సాటివచ్చేది కెపాసిటీ విలోమం కాబట్టి, ప్రేరకత్వాన్నీ కెపాసిటీనీ గుణించి, వర్గమూలం తీసి, రెండు పై చేత గుణిస్తే డోలన కాలం తేలుతుంది. గతిజశక్తి, స్థితిజశక్తి ఒకదానిలోకి ఒకటి మారినట్లే ఇక్కడ అయస్కాంత శక్తి, విద్యుత్ శక్తి మారుతూ ఉంటాయి.

పాత రేడియోలో స్టేషన్ మార్చే మీట చేసే పని ఈ కెపాసిటీని మార్చడమే. 200 మైక్రోహెన్రీల చుట్ట ఉన్న వలయంలో కెపాసిటీ 233 పికోఫారడ్‌ల దగ్గర ఉన్నప్పుడు ఆ వలయపు సహజ పౌనఃపున్యం, అంటే సెకనుకు జరిగే డోలనాల సంఖ్య, 738 కిలోహెర్ట్జ్ అవుతుంది కాబట్టి ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్ ప్రసారం వినిపిస్తుంది. దానిని 181 పికోఫారడ్‌లకు తగ్గిస్తే 837 కిలోహెర్ట్జ్‌పై విజయవాడ పలుకుతుంది. బయటి తరంగపు పౌనఃపున్యం సహజ పౌనఃపున్యంతో కలిసినప్పుడు కంపనం పెద్దదయ్యే ఈ అనునాదం మొదటి సంవత్సరం పాఠమే. విద్యుదయస్కాంత తరంగాలను మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన సిద్ధాంతం ఊహించగా, 1887 ప్రాంతంలో హెర్ట్జ్ ఇలాంటి డోలన వలయాలలో నిప్పురవ్వలు పుట్టించి వాటిని ప్రయోగశాలలో పట్టి చూపాడు.

తరంగాల అధ్యాయానికీ పరమాణువుల అధ్యాయానికీ ఉన్న బంధం మరింత ఆశ్చర్యకరం. రెండు కొసలూ బిగించిన తీగపై పూర్ణాంక సంఖ్యలో అర్ధతరంగాలు మాత్రమే స్థిరంగా నిలుస్తాయి. ఎలక్ట్రాన్‌కూ తరంగ స్వభావం ఉందని 1924లో డిబ్రాయ్ ప్రతిపాదించడంతో, కక్ష్య చుట్టుకొలతలో పూర్ణ తరంగాలు ఇమడాలన్న షరతు నుంచే, బోర్ 1913లో కారణం చెప్పకుండా స్వీకరించిన కోణీయ ద్రవ్యవేగ నియమం నేరుగా వచ్చేస్తుంది.