నొప్పి లేని నెత్తురు

పొద్దున్నే లేచి ముఖం కడుక్కున్నా కంటి ముందు నల్లటి దారాలు పోవు. చూపు ఎటు తిప్పితే అవీ అటే వస్తాయి. కాసేపటికి పొగ కమ్మేస్తుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. పాతికేళ్ల కుర్రాడు అద్దంలో చూసుకుంటే కన్ను మామూలుగానే ఉంటుంది. లోపల మాత్రం నెత్తురు చిందింది.

దీని పేరు ఈల్స్ వ్యాధి. 1880లో బర్మింగ్‌హామ్ కంటి డాక్టరు హెన్రీ ఈల్స్ దీన్ని వివరించారు. ఆయన చూసిన కుర్రాళ్లకు మలబద్ధకం, ముక్కు నుంచి నెత్తురు కూడా ఉండటంతో ఒంట్లో రక్తప్రసరణే గతి తప్పిందనుకున్నారు. నాళాల వాపు సంగతి ఆయనకు తట్టలేదు. ఈ జబ్బు ఇప్పుడు ఎక్కువగా కనిపించేది మన దేశం వైపే.

రెటీనా అంచుల్లో సిరలు వాచి పూడుకుపోతాయి. ఆక్సిజన్ అందని రెటీనా కొత్త నాళాలను మొలిపించుకుంటుంది. అవి పలచన. ఇట్టే చిట్లి, కంటి గుడ్డులోని జెల్లీలోకి నెత్తురు వదులుతాయి.

మొదటిసారి చాలామందిలో ఆ నెత్తురు కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. ‘తగ్గిపోయిందిలే అమ్మా’ అంటాడు కుర్రాడు. నాకు భయమేసేది ఆ మాటకే. ఇంకింది నెత్తురు, పలచటి నాళాలు అక్కడే ఉన్నాయి. మళ్లీ మళ్లీ చిట్లితే పొరలు కట్టి రెటీనాను లాగి ఊడదీస్తాయి.

కనుపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి డాక్టరు లోపలికి చూస్తే, వాచిన సిరల వెంట తెల్లటి తొడుగు కనిపిస్తుంది. కత్తి పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే అరుదైన చోట్లలో రెటీనా ఒకటి. నాళాలు వాచే వేరే జబ్బులూ అక్కడ బయటపడొచ్చు. 1908లో జపాన్ కంటి డాక్టరు మికితో తకయాసు ఒక యువతి కంట్లో పూలదండలా చుట్టుకున్న నాళాలను చూపించారు. అలాంటి వాళ్ల మణికట్టు దగ్గర నాడే అందడం లేదని తోటి డాక్టర్లు చెప్పారు. అసలు జబ్బు గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో, దాని కొమ్మల్లో ఉందని తర్వాత తేలింది.

నాళాలు వాచే జబ్బుల్లోనే, పెద్దవయసులో వచ్చే జెయింట్ సెల్ ఆర్టరైటిస్ మన దగ్గర తక్కువే. కానీ అది వస్తే ఆగే వీల్లేదు. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణతలు నొప్పెట్టినా, అన్నం నమిలితే దవడలు లాగినా, దువ్వెన తగిలితే తల సలిపినా, ఒక కన్ను క్షణం మసకబారినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. బయాప్సీ ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్లు మొదలుపెడతారు. ఆలస్యమైతే రెండో కన్నూ రోజుల్లోనే పోవచ్చు.

ఈల్స్‌కు కూడా స్టెరాయిడ్లు, లేజర్, అవసరమైతే కంట్లోని జెల్లీని తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ ఉన్నాయి. క్షయతో దీనికి సంబంధం ఉండొచ్చు గనుక మాంటూ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కూడా చేయిస్తారు. చాలామందిలో ఇది రెండు కళ్లకూ వస్తుంది. చుక్కలు రెండు కళ్లలోనూ వేయించుకోవాలి, బాగా కనిపిస్తున్న కంట్లో కూడా.