మీకు తెలుసా? డిక్కీ తోక కోసింది బడ్జెట్టే

మొన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో చుట్టాల్ని దింపుకుని టాక్సీ మాట్లాడాను. బండి డిజైర్. పెద్ద పెట్టెలు మూడు. రెండు డిక్కీలో పట్టాయి. మూడోదాన్ని ఎటు తిప్పి పెట్టినా మూత పడలేదు. చివరికి డ్రైవరు దాన్ని ముందు సీట్లోకి ఎత్తాడు. "నా పాత డిజైర్లో మూడూ పట్టీసేవి బాబూ. తరవాత బండికి తోక కోసీసినారు" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజం. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో వచ్చిన రెండోదాని పొడవు 3,995 మిల్లీమీటర్లు, డిక్కీ 316 లీటర్లు. జనం చిన్న డిక్కీ కావాలని అడగలేదు. పన్ను గీత నాలుగు మీటర్ల దగ్గర ఉంది కాబట్టి బండిని దాని లోపలికి కుదించారు.

ఆ గీత గీసింది 2006 కేంద్ర బడ్జెట్. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ లోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కార్లకు మన దేశం పుట్టిల్లు కావాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ కంపెనీల కళ్లు ఉద్దేశం మీద కాదు, టేపు మీద పడ్డాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ 3,988 మిల్లీమీటర్లతో వచ్చింది. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 3,999తో దిగింది. గీతకి ఒక్క మిల్లీమీటరు ఇవతల!

పొడవుతోనే కాదు, ఎత్తుతోనూ ఇదే జరిగింది. 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల మీద సుంకాన్ని 27 నుంచి 30 శాతానికి పెంచారు. ఎస్‌యూవీ అంటే ఏమిటి? నాలుగు మీటర్లు దాటిన పొడవు, 1,500 సీసీ దాటిన ఇంజను, నేలకీ బండి అడుగుకీ మధ్య 170 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఖాళీ. ఈ మూడూ ఉంటేనే ఎస్‌యూవీ. మహీంద్రా తన ఎక్స్‌యూవీ 500లో ఆ ఖాళీని 200 నుంచి 160కి దించింది. బండి అదే, ఇంజను అదే, తాగే డీజిలూ అదే. పన్ను లెక్కలో మాత్రం అది ఇక ఎస్‌యూవీ కాదు.

అమెరికాలో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ లైట్ ట్రక్కులకు మైలేజీ నిబంధన కార్ల కంటే సడలింపుగా ఉండేది. అందుకని 2004లో సుబారు కంపెనీ తన ఔట్‌బ్యాక్ కారును కాస్త పైకి లేపి ట్రక్కు కింద చూపించింది. ఇక్కడ దించారు, అక్కడ లేపారు. లీటరు పెట్రోలుకి బండి ఎంత దూరం పోతుందన్నది రెండు చోట్లా పక్కకు పోయింది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పాత చిన్న కారు గీత లోపల ఉన్నవాటికి 18 శాతం, దాటినవాటికి 40. పెద్ద ఎస్‌యూవీల మీద అంతకు ముందు సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది. పన్నుకు ముందు 20 లక్షలు ఉన్న బండి మీద ఒక్క దెబ్బకి రెండు లక్షలు తగ్గాయి.

ఈ గీత ఎవరిని ఎటు తోస్తోందో చూడండి. ఆల్టోకి 18 శాతం. సరే, న్యాయం. మూడు తలుపుల థార్ డీజిల్, 1,497 సీసీ ఇంజనుది, పొడవు 3,985 మిల్లీమీటర్లు. ఆల్టో బరువుకి రెట్టింపు పైమాటే. దానికీ 18 శాతమే. అదే థార్‌లో 2,184 సీసీ ఇంజను పెడితే 40. ఇక హోండా సిటీ హైబ్రిడ్, లీటరుకి 26 కిలోమీటర్లకు పైగా ఇస్తుందని కంపెనీ చెప్పే కారు. పొడవు నాలుగున్నర మీటర్లు దాటింది కాబట్టి దానికి 40 శాతం. తక్కువ తాగే బండికి ఎక్కువ పన్ను, ఎక్కువ తాగే బండికి తక్కువ పన్ను! ప్రతి మోడల్‌కీ మైలేజీ పరీక్ష చేసి, ఆ అంకెను కాగితం మీద పెట్టాకే బండి అమ్మకానికి వస్తుంది. ఆ అంకె చేతిలో ఉండగా టేపు పట్టుకోవడమెందుకు? నాకు ఇందులో అన్యాయం తప్ప మరోటి కనిపించడం లేదు.

ఇంధన పొదుపు కోసం పెట్టిన కెఫె నిబంధనల్లోనూ ఇలాంటి సందే ఉంది. కంపెనీ అమ్మే కార్ల సగటు బరువు పెరిగితే, అది చేరుకోవాల్సిన లక్ష్యం కూడా సడలుతుంది. సరుకు బండ్ల కింద నమోదయ్యే పికప్‌లు అసలు ఈ లెక్కలోకే రావు.

ఇక ఆదాయపు పన్ను సంగతి. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే భాగస్వామ్య సంస్థ ఒకటి 40 లక్షల బండి కొన్నదనుకుందాం. కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు గానీ, ఆదాయపు పన్ను లెక్కలో ఏడాదికి 15 శాతం తరుగుదల చూపుకోవచ్చు. మొదటి ఏడాది ఆరు లక్షలు, రెండో ఏడాది 5 లక్షల 10 వేలు. సంస్థ పన్ను రేటు 30 శాతం కాబట్టి మొదటి ఏడాదే లక్షా 80 వేలు మిగులుతుంది. డీజిలు, రిపేర్లు, డ్రైవరు జీతం కూడా ఖర్చు కిందికే. బండి ఖరీదు పెరిగేకొద్దీ మిగులు పెరుగుతుంది. అదే ఊళ్లో ఆటో తోలేవాడికి చట్టం 30 శాతం తరుగుదల ఇస్తుంది. అతని ఆదాయం పన్ను దాకా రాదు కాబట్టి ఆ 30 శాతం అతనికి చెల్లని నోటే. పంతులుగారు అప్పు చేసి కొన్న ఆల్టోకి అదీ లేదు.

కంపెనీ ఇచ్చిన కారును సొంతానికి కూడా వాడుకునే ఉద్యోగికి చాలా ఏళ్లపాటు నెలకు లెక్కగట్టిన లాభం ఎంతో తెలుసా? ఇంజను 1.6 లీటర్ల లోపైతే 1,800 రూపాయలు, దాటితే 2,400. డ్రైవరుంటే మరో 900. అంటే చిన్న కారుకీ ఫార్చ్యూనర్‌కీ మధ్య తేడా నెలకు 600 రూపాయలు.

మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ బండి ధరను బట్టి వేస్తారు. బరువు అడగరు, మైలేజీ అడగరు. రాష్ట్రం వేసేవాటిలో తాగినదాన్ని బట్టి పడేది ఒక్కటే, ఇంధనం మీద వ్యాట్. పెట్రోలుకి 31 శాతం, ఆపైన లీటరుకి నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఒడిశాలో ఇంతకంటే చవక. అందుకే ఇచ్ఛాపురం వైపు వాళ్లు సరిహద్దులోని గిరిసోల దాటాక పెట్రోలు కొట్టించుకుంటారు.

పార్వతీపురం మన్యంలో ఇప్పటికీ రోడ్డు లేని గూడేలున్నాయి. పురిటి నొప్పులు వస్తే గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దించి, రోడ్డు మొదలయ్యే చోట అంబులెన్సు ఎక్కిస్తారు. ఆ అంబులెన్సు మీద 2025 సెప్టెంబరు 21 దాకా జీఎస్టీ 28 శాతం. ఇప్పుడు 18. మూడు తలుపుల థార్‌కీ అంతే.