విత్తనపు కణములకు కావలి



తిండిగింజలను, విత్తనపు గింజలను మీరు ఒకే గాదెలో కలిపి పోయరు. విత్తనమును వేరుగా తీసి, పురుగు పట్టకుండ దాచుకొందురు. జంతువు పిండముగా ఉన్నప్పుడే దాని శరీరములోను ఇట్లే కొన్ని కణములు వేరుపడును. తరువాత వీర్యకణములుగాను, అండములుగాను మారునవి ఇవే. వీనిని కాపాడు మాంసకృత్తులలో ఒకదాని పేరు డెడ్ ఎండ్.

జన్యువులు రిజిస్ట్రారు కచేరీలోని అసలు దస్తావేజు వంటివి. అసలు కదలదు, పనికి బయటకు వచ్చునది దాని నకలు. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. డెడ్ ఎండ్ ఈ నకళ్లను పట్టుకొనును. కావలసిన కొన్నింటిని అణచివేయు చిన్న ఆర్‌ఎన్‌ఏలను దరిచేరనీయదని 2007లో తేలినది. అక్కరలేని కొన్నింటిని నాశనము చేయించునని 2017లో తెలిసినది. కాపలాయు, కలుపుతీతయు ఒకే చేతి పని!

ఇది లోపించినచో ఏమగును? అమెరికాలో పరిశోధకులు పెంచిన 129 అను చిట్టెలుకల జాతిలో, మగవాటికి నూటికి ఒకదానికి వృషణములో గడ్డ పుట్టుచున్నదని స్టీవెన్స్, లిటిల్ అనువారు 1954లో ప్రకటించిరి. అదే జాతిలో తల్లి వైపు, తండ్రి వైపు వచ్చిన డెడ్ ఎండ్ జన్యువులు రెండును చెడినచో ఆ సంఖ్య 90 దాటును. ఇతర జాతుల ఎలుకలలో సాధారణముగా గొడ్డుతనమే గాని గడ్డ రాదు. విత్తనపు కణములు చాలవరకు చచ్చును. 129 జాతిలో చావక మిగిలినవి దారితప్పి, కండరము, మృదులాస్థి కలగలిసిన గడ్డగా పెరుగును. కారణము ఈ జన్యువేనని 2005లో రుజువైనది.

మీ ఆంబోతు వలన ఆవులు చూడి కట్టనిచో దీనినే శంకింపవలదు. మేపు, ఎండ, అంటురోగములు ముందు చూడవలసినవి. వృషణము వాచినను, గట్టిపడినను పశువైద్యునికి చూపుడు.

చేపలు పెంచువారికి మాత్రము ఇందు ఒక ఆసక్తికర విషయము కలదు. నార్వేలో సముద్రపు వలల నుండి తప్పించుకొన్న పెంపుడు సాల్మన్ చేపలు నదులలోని అడవి సాల్మన్‌తో కలిసి వాని జాతిని మార్చివేయుచున్నవి. అందుచే అచటి శాస్త్రజ్ఞులు ఈ జన్యువును చెరచి, విత్తనపు కణములే లేని సాల్మన్‌ను తయారుచేసి 2016లో వెల్లడించిరి. వీనిలో ఆడవి గాని, మగవి గాని ఎదకు రాలేదు.

గొడ్డు చేపకు పిల్లలెట్లు వచ్చును అని మీరడుగుదురు. గ్రుడ్డులో జన్యువును చెరచునప్పుడే మంచి నకలును కూడ సూదితో ఎక్కించగా, విత్తనపు కణములు నిలిచినవని 2020లో ప్రకటించిరి. నకలు కొన్నాళ్లకు కరగిపోవును, చెడిన జన్యువు మిగులును. కనుక అట్టి తల్లిదండ్రుల పిల్లలన్నియు గొడ్డువి కాగలవని వారి ఆలోచన.