విరామ సమయాన్ని ఉపయోగించుకోవడం

ఉద్యోగం చేస్తూ చదువుకొనే మీకు రోజులో దొరికే ఖాళీ సమయం చాలా తక్కువ. కనుక ఆఫీసులోని విరామాలను ఎలా ఉపయోగించుకోవాలో తెలుసుకుందాం.

విరామంలో కొత్త పాఠం మొదలుపెట్టకండి. అది సగంలోనే ఆగిపోతుంది. ఉదయం చదివినదాన్నే పుస్తకం తెరవకుండా గుర్తుచేసుకోండి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ జ్ఞాపకశక్తిపై తన మీదనే ప్రయోగాలు చేసి, 1885లో ఫలితాలను ప్రచురించాడు. నేర్చుకున్న తరువాత మొదటి కొన్ని గంటల్లో మరపు వేగంగా ఉంటుందనీ, క్రమంగా నెమ్మదిస్తుందనీ ఆయన గమనించాడు. వ్యవధి ఇస్తూ పునశ్చరణ చేస్తే తక్కువ శ్రమతో గుర్తుంటుందని కూడా తెలిపాడు.

ఉదాహరణకు, మీరు ఉదయం ద్రవ్యోల్బణం గురించి చదివారనుకోండి. భోజనం చేశాక దాని నిర్వచనాన్ని, రెండు కారణాలను ఒక చీటీపై రాయండి. రాయలేకపోయిన భాగాన్ని మాత్రమే రాత్రి మళ్ళీ చదవండి. పరీక్షల ముందు ఏ భాగంపై దృష్టి పెట్టాలో ఈ చీటీలే చెబుతాయి.

అయితే ప్రతి విరామాన్నీ చదువుకు కేటాయించకూడదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చొనేవారు టీ విరామంలో లేచి నాలుగడుగులు నడవాలి, దూరంగా ఉన్నవాటిని చూడాలి. అప్పుడు కూడా సెల్‌ఫోన్ చూస్తూ ఉంటే కళ్ళకు విశ్రాంతి దొరకదు. విశ్రాంతి లేని మనస్సుతో రాత్రి చదివినా పాఠం తలకెక్కదు.

అభ్యాసం: నిన్న చదివిన పాఠంలోని మూడు ముఖ్యాంశాలను ఇప్పుడే, పుస్తకం చూడకుండా రాయండి.