నారికేళపాకపు చిత్రములు

బహుమానము పొందిన చిత్రమని విని, ఇంటిల్లిపాదియు భోజనములు తొందరగా ముగించుకొని చూడ కూర్చుందురు. అరగంట గడచును. తెరమీద ఒక స్త్రీ కిటికీయొద్ద నిలిచి యుండును. ఇంకొక అయిదు నిమిషములు గడచినను అచ్చటనే నిలిచి యుండును. పిల్లలు లేచిపోవుదురు. పెద్దలు మాత్రము, పండితులు మెచ్చినారు గదా, మనకే తెలియలేదేమో యను సంకోచముతో కడవరకు కూర్చుండి, చివరకు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. లోపము మనదా, మెచ్చినవారిదా? ఈ ప్రశ్న అడుగుటకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు. దీనిని గట్టిగా అడిగినవారు సామాన్య ప్రేక్షకులే కారు.

1960వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు కాన్ నగరములో జరిగిన చిత్రోత్సవమున ఇటలీ దర్శకుడు ఆంటొనియోని తీసిన 'లావెంతూరా' ప్రదర్శింపబడెను. కథ కొంచెమే. కొందరు ధనికులు విహారమునకై పడవలో పోయి, సిసిలీ దగ్గరి రాతిదీవి యొకదానిలో దిగుదురు. వారిలో అన్నా అను యువతి కనబడకుండ పోవును. ఆమెను పెండ్లాడవలసిన సాండ్రోయు, ఆమె స్నేహితురాలు క్లౌడియాయు ఆమెను వెదకుచు వెదకుచు తామిద్దరును ప్రేమలో పడుదురు. అన్నా ఏమైనదో చిత్రము చెప్పదు. చెప్పకపోవుటయే గాక, కొంతసేపటికి ఆ సంగతినే మరచినట్లు నడచును. కాన్ ప్రేక్షకులు నవ్విరి, ఈలలు వేసిరి, దృశ్యము కొంచెము సాగినప్పుడెల్ల 'కట్, కట్' అని అరచిరి. దర్శకుడును, నాయికగా నటించిన మోనికా వీత్తియు మనసు నొచ్చి బయటకు పోయిరి. మరునాడు రోసెల్లీని మొదలగు దర్శకులును, విమర్శకులును ఆ చిత్రమును సమర్థించుచు ఒక ప్రకటనపై సంతకములు చేసిరి. నవలాకారుడు జార్జ్ సిమెనాన్ అధ్యక్షుడుగా నున్న న్యాయనిర్ణేతల సంఘము ప్రధాన బహుమానమును ఫెల్లీని 'లా దోల్చే వీటా'కు ఇచ్చి, ఈలలు తిన్న చిత్రమునకు జ్యూరీ బహుమానము నిచ్చెను. బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' పదేండ్ల కొకసారి విమర్శకుల నడిగి కూర్చు జాబితాలో, 1962 నాటికే దానికి రెండవ స్థానము దక్కెను.

ఈలలు వేసినవారు పామరులు కారన్న సంగతి గమనింపదగినది. ఉత్సవమునకు ఆహ్వానములు అందుకొని వచ్చినవారే వారు. కనుక, మాకు అర్థము కాలేదు అనుటకును చదువునకును సంబంధము తక్కువ.

అట్లని న్యాయనిర్ణేతల తీర్పు వేదవాక్కు కాదు. ఉత్సవమునకు పోయిన విమర్శకుడు కొలది దినములలో పదుల కొలది చిత్రములు చూచును. అలవాటైన కథ, అలవాటైన ముగింపు వానికి వెగటు పుట్టించును. వరుసగా నాలుగు పెండ్లివిందులు తిన్నవానికి అయిదవ యింట చారన్నము అమృతమనిపించుట వింత కాదు. అందుచేత కొత్తదనమునకు దక్కవలసిన దానికంటె కొంత హెచ్చు మెప్పు దక్కుచుండును. పైగా న్యాయనిర్ణేతలు కొద్దిమంది. ఒకరికి ప్రాణమైన చిత్రము మరియొకరికి గిట్టదు. చివరకు ఎవరికిని మరీ అయిష్టము కానిది గెలుచుటయు కలదు. పదిమంది మెచ్చిన పిమ్మట పదునొకండవవాడు నలుగురితో నారాయణా యనును. దేవతావస్త్రముల కథ మనమందరము ఎరిగినదే.

జాబితాల సంగతియు కొంత చెప్పవలెను. 'సైట్ అండ్ సౌండ్' వారు 2022లో 1600 మందికి పైగా విమర్శకులను అడిగిరి. ఒక్కొక్కరు పది చిత్రముల పేర్లు వ్రాయుదురు. ఆ పదింటిలో మొదటిదైనను పదియవదైనను విలువ ఒక్కటే. ఎక్కువమంది జాబితాలలో కనబడినది అగ్రస్థానము పొందును. ఇట్లు 2022లో మొదట నిలిచినది బెల్జియం దర్శకురాలు షంతాల్ అకెర్మన్ 1975లో తీసిన 'ఝాన్ దీల్మాన్'. కనుక 'లోకములోకెల్ల గొప్ప చిత్రము' అని పత్రికలు చాటినప్పుడు, దానిని తమ పదింటిలో ఒకటిగా తలచినవారు ఎక్కువమంది యని మాత్రమే గ్రహింపవలెను.

ఆ చిత్రము నిడివి మూడు గంటల ఇరువది నిమిషములు. బ్రస్సెల్స్ నగరములో కుమారునితో నివసించు ఒక వితంతువు యొక్క మూడు దినములు అందలి కథ. ఆమె పక్క సర్దును, బూట్లు తుడుచును, బంగాళాదుంపల చెక్కు తీయును, గిన్నెలు కడుగును. జీవనోపాధికై మధ్యాహ్నమున ఇంటికి పరపురుషులను రానిచ్చును. ఆ తలుపు మాత్రము చాలవరకు మన యెదుట మూసియే యుండును. కెమెరా కదలదు. మొదటి గంట మాకును భారముగానే గడచినది. ఒప్పుకొనుటకు సంకోచము లేదు. కాని రెండవ దినమున పొయ్యిమీది దుంపలు మాడును. ఆమె గిన్నె చేత పట్టుకొని, దానిని ఎచ్చట పెట్టవలెనో తోచక, ఇల్లంతయు తిరుగును. మన వంటయింట ఇది వార్తయే కాదు. ఆ చిత్రమున మాత్రము గుండె గుభిల్లుమనును. ఆమె దినచర్యలో ప్రతి కదలికయు అప్పటికి మనకు కంఠస్థమైనది గనుక, ఒక్క దుంప మాడుట ఇల్లు కూలుటవలె తోచును. ఆ మొదటి గంటను కత్తిరించినచో రెండవ దినమునకు అర్థము లేదు. విసుగు అచ్చట దర్శకురాలి చేతగానితనము కాదు, పనిముట్టు. ఇది తీయునాటికి ఆమెకు ఇంకను 25 ఏండ్లు నిండలేదు.

మన అలంకారికులు ఈ విషయమును ఎన్నడో ఆలోచించిరి. నోట వేసికొనగనే రసము దిగునది ద్రాక్షాపాకము; తొక్క ఒలిచి తినవలసినది కదళీపాకము; టెంకను పగులగొట్టినగాని కొబ్బరి దొరకనిది నారికేళపాకము. మెతుకుసీమవాడైన కోలాచలము మల్లినాథసూరి భారవి వాక్కును కొబ్బరికాయతో పోల్చి, దానిని తాను పగులగొట్టి యిచ్చుచున్నాననియు, రసికులు తినవచ్చుననియు వ్యాఖ్యానారంభమున చెప్పెను. విమర్శకుని పని యేమో ఇంతకంటె బాగుగ చెప్పినవారిని మేమెరుగము. కాయ గొప్పదని కేకలు వేయుట ఆతని పని కాదు. దానిని చేతికిచ్చి, నీకు పండ్లు లేకపోవుట నీ తప్పనుట అసలే కాదు.

కాయను కాయనుగా పరీక్షించిన విమర్శకులు లేకపోలేదు. అమెరికాలో పాలిన్ కేల్ అను ఆమె 'లావెంతూరా'ను ఆ దేశమున విడుదలైన 1961వ సంవత్సరపు మేటి చిత్రమని మెచ్చెను. ఆ ఆంటొనియోనియే తరువాత తీసిన 'లా నోత్తే'ను, ఫెల్లీని 'లా దోల్చే వీటా'ను, అలెన్ రెనే తీసిన 'లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్'ను మాత్రము ఒకే వ్యాసమున కలిపి ఎగతాళి చేసెను. ఈ మూడును వరుసగా బర్లిన్, కాన్, వెనిస్ ఉత్సవముల ప్రధాన బహుమానములు పొందినవే. ఆమె తీర్పు అంతయు మేము అంగీకరింపము. మారియన్‌బాద్ కాయలో కొబ్బరి కొంచెమున్నదనియే మా యభిప్రాయము, చిప్ప మాత్రము చాల మందము. కాని కఠినమైన వన్నియు గొప్పవి యనక, కఠినమైన వన్నియు బూటకములనియు అనక, ఒక్కొక్క కాయను విడివిడిగా కొట్టి చూచిన ఆమె పద్ధతి మాకు నచ్చినది.

మన యింటి ఉదాహరణము లేకున్న ఈ ప్రసంగము పూర్తి కాదు. 1980లో విడుదలైన 'శంకరాభరణము' సకుటుంబముగా చూడదగిన జనరంజక చిత్రముగా జాతీయ బహుమానము పొందినది. కథానాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు, పేరుమోసిన తారలు లేరు, పాటలు శాస్త్రీయము. వ్యాపారుల లెక్కలో అదియు కొరుకుడుపడని కాయయే. జనము దానిని ద్రాక్షవలె ఆరగించిరి. ఆలాపన మొదలుకాగానే రేడియో మీట త్రిప్పు వారింటను శంకరశాస్త్రి పాటలు మ్రోగినవి. కనుక, ఇది జనమునకు ఎక్కదు అని ముందుగా తీర్మానించువారిని నమ్మరాదు.

దానికి మూడేండ్లు ముందు, 1977లో, తెలుగు రాని వంగదర్శకుడు మృణాల్‌సేన్ మన భాషలో 'ఒక ఊరి కథ' తీసెను. ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమానము దానికి లభించెను; కార్లొవీ వారీ ఉత్సవమునను ప్రత్యేక బహుమానము వచ్చెను. పేరు విన్నవారు పెక్కురు, చూచినవారు కొద్దిమంది. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ దీనికి మూలము. వెంకయ్య యను ముసలివాడు పని చేయడు, కొడుకును చేయనీయడు. మనము చెమటోడ్చినచో బలియునది భూస్వామి గదా యని ఆతని వాదము. వాసుదేవరావు ఆ పాత్రను ఎంత నిజముగ ధరించెననగా, చూచువారికి ఆతని చెంప పగులగొట్టవలె ననిపించును. మేము మొదటిసారి ఆ కోపముతోనే చూచితిమి. చిత్రము మాకు దక్కలేదు. రెండవసారి ఆ వాదమునకు సమాధానము వెదకుచు చూచితిమి. రెక్కలు ముక్కలు చేసికొన్నవారి బ్రతుకు తన బ్రతుకుకంటె ఎంత మెరుగో చూపుమని ఆతడు మననే అడుగుచున్నట్లుండెను. ఆ యింటికి కోడలుగా వచ్చిన నీలమ్మ మాత్రము కష్టపడి పనిచేయును. పొయ్యి వెలిగించి ఆ గుడిసెను ఇల్లు చేయజూచును. ఆమె పురిటినొప్పులతో మరణించును. ఆమెకు కప్పవలసిన గుడ్డకొరకు తండ్రియు కొడుకును ఊరిలో యాచించుటకు బయలుదేరుదురు.